పోర్ట్ తెరిచినా కెమెరాలు రావట్లేదా? ముందు వ్యాన్ (WAN) ఐపీ చూడండి

గుంటూరు ఇంట్లో డీవీఆర్‌కి (కెమెరాల రికార్డింగ్ పెట్టె) 8000 పోర్ట్ ఫార్వర్డ్ చేసినా, అంటే బయటి నుంచి ఆ పోర్ట్‌కి వచ్చే కనెక్షన్‌ని డీవీఆర్‌కి పంపమని రూటర్‌లో రూల్ రాసినా, విజయవాడ నుంచి కెమెరాలు తెరుచుకోవట్లేదన్నారు కదండీ. ఆ రూల్‌ని ఇప్పుడే కెలకొద్దు. రూటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ, అంటే ఇంటర్నెట్ వైపు మీ రూటర్‌కి వచ్చిన అడ్రస్, చూడండి. అది 100.64 నుంచి 100.127 లోపు ఉంటే సీజీన్యాట్ (CGNAT, ప్రొవైడర్ దగ్గరే ఐపీని పంచే పద్ధతి) వెనక ఉన్నట్టే. ఒకే పబ్లిక్ ఐపీని (ఇంటర్నెట్‌లో నేరుగా చేరగల అడ్రస్) చాలా ఇళ్లకు పంచుతారు కాబట్టి, బయటి కనెక్షన్ మీ రూటర్ దాకా రానే రాదు. ఎన్ని రూల్స్ రాసినా దండగ. ప్రొవైడర్‌ని అడిగి మీకంటూ ఒక పబ్లిక్ ఐపీ తీసుకోవాలి.

వ్యాన్ ఐపీ 192.168తో మొదలైతే, సాధారణంగా ఓఎన్‌టీ (ఫైబర్ కేబుల్ వచ్చి కలిసే పెట్టె) కూడా రూటర్‌లా పనిచేస్తోందన్నమాట. దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో (రూటర్ పని మానేసి, కనెక్షన్‌ని మీ రూటర్‌కి అలాగే అందించే మోడ్) పెట్టించి, ప్రొవైడర్ ఇచ్చిన పీపీపీఓఈ (ఇంటర్నెట్ లాగిన్) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ మీ రూటర్‌లో ఇవ్వండి.

పబ్లిక్ ఐపీయే అయితే, కరెంటు పోయి వచ్చాక డీవీఆర్ లోకల్ ఐపీ మారిందేమో చూసి, రూటర్‌లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ (డీవీఆర్‌కి ఎప్పుడూ అదే లోకల్ ఐపీ ఇచ్చే సెట్టింగ్) పెట్టండి. టెస్ట్ మాత్రం మొబైల్ డేటాతోనే. ఇంటి వైఫై నుంచి మీ పబ్లిక్ ఐపీకి కనెక్ట్ చేస్తే, కొన్ని రూటర్లు ఆ కనెక్షన్‌ని మళ్లీ ఇంట్లోని డీవీఆర్‌కి తిప్పి పంపవు.