1971 యుద్ధకాలంలో చిన్న ఊళ్లలో ప్రభుత్వ ఆదేశాలు జనానికి ఎలా చేరేవి? – నేను చూసినది

యుద్ధ సమయంలో చిన్న ఊళ్లకు హెచ్చరికలు ఎలా అందేవని, వాటిని జనం నిజంగా పాటించేవారా అని మీరు అడిగారు. 1971 డిసెంబరులో నేను భీమునిపట్నంలో ఉన్నత పాఠశాల విద్యార్థిని కనుక, కళ్లారా చూసినంతవరకు చెబుతాను.

డిసెంబరు 3న భారత-పాకిస్తాను యుద్ధం మొదలైంది. దీపాల వెలుగు బయటికి కనబడరాదన్న ఆదేశం మా పేటకు టముకు ద్వారా వచ్చింది. పురపాలక కార్యాలయం గోడమీద కాగితం కూడా అంటించారు కాని, చదువు రానివారు ఎక్కువగా ఉన్న మా వీధుల్లో టముకు వేసేవాని గొంతే అసలైన నోటీసు. కిటికీ అద్దాలకు నల్లకాగితం అతికించాలని, బండ్ల హెడ్‌లైట్లకు పైసగం నల్లరంగు పూయాలని అతడు సందుసందునా నిలబడి చెప్పేవాడు.

అయితే ఆదేశం చెవిన పడినంత మాత్రాన అమలు కాదు. దానిని అమలు చేసినది మా ఇరుగుపొరుగేనని నా గట్టి నమ్మకం. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేసినప్పుడు ఇల్లూవాకిలీ వదిలి లోపలి పల్లెలకు తరలిపోయిన జనాన్ని చూసిన పెద్దలు అప్పటికి ఇంకా మా మధ్య ఉన్నారు. ఎవరి తలుపుసందులోంచైనా వెలుగు కనబడితే, పోలీసుల కంటె ముందు వారే వచ్చి తలుపు తట్టి, "అమ్మా, దీపం తగ్గించండి" అని చెప్పి వెళ్లేవారు. అది మార్గశిర మాసం కావడంతో, లక్ష్మీవారం తెల్లవారకముందే గడపలో పెట్టవలసిన దీపాన్ని ఆడవారు దేవుని గదిలోనే పెట్టుకుని, ముగ్గు మాత్రం చీకట్లో వేసేవారు. మొదటి రాత్రుల్లో పౌర్ణమి దాటిన వెన్నెల ఉండేది. తరువాత అమావాస్య దగ్గరపడేకొద్దీ వీధిలో మనిషికి మనిషి కనబడేవాడు కాడు.

నోటీసులలో పెద్ద లోపం ఒకటి ఉండేది: ఏం చేయాలో చెప్పేవి గాని ఏం జరిగిందో చెప్పేవి కావు. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ రేవు బయట పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. ఆ పేలుడుకు విశాఖ తీరంలో కిటికీ అద్దాలు అదిరాయి. నౌకాదళం ఆ సంగతిని బహిరంగంగా ప్రకటించింది 9వ తేదీన. ఈలోగా మా ఊరిలో పుట్టిన వదంతులకు లెక్కలేదు. కొందరు పిల్లలను తీసుకుని లోపలి ఊళ్లలోని చుట్టాల ఇళ్లకు వెళ్లిపోయారు కూడా. రహస్యం పాటించవలసిన అవసరం నాకు ఇప్పుడు అర్థమవుతుంది. అయినా తీరవాసులకు రెండు మాటల ధైర్యం చెప్పి ఉంటే ఎంతో మేలు జరిగేది. ఆ రోజుల్లో సాయంత్రం కాగానే రేడియో ఉన్న ఇంటి అరుగు మీద, కులం పట్టింపు అంతగా లేకుండా, వీధి వీధంతా చేరేది. 16వ తేదీన ఢాకాలో పాకిస్తాను సేన లొంగిపోయిన వార్తను మేము అక్కడే విన్నాము.

యుద్ధం ముగిసినా, తూర్పు పాకిస్తాను (నేటి బంగ్లాదేశ్) నుంచి వచ్చిన శరణార్థుల సహాయం కోసం నవంబరు నుంచే ప్రతి ఉత్తరం మీద అదనంగా అంటిస్తూ వచ్చిన అయిదు పైసల తపాలాబిళ్ల మాత్రం ఆ తరువాత కూడా చాలాకాలం కొనసాగింది.