ఆఖరి డబ్బులిచ్చే ముందు అలారం ఇన్‌స్టాలర్ కోడ్ అడుగు

చిన్నా,

కంటోన్మెంటు ఇంటికి రంగులు కూడా అయిపోయాయట, దొంగల అలారం పెట్టిస్తున్నావట. అప్ప ఫోన్ చేసి చెప్పింది. మనవాళ్లలో విజయనగరంలో సొంతిల్లు కట్టినవాడివి నువ్వే, ఈ మాట ఇక్కడ వీధి వీధంతా చెప్పాను. కానీ నువ్వు పొద్దున్న విశాఖ వెళ్తే రాత్రికి గానీ రావు. పగలంతా అప్పా, బావగారే. ఫోన్లో చెబితే ‘సరే మావయ్యా’ అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

తలుపులకి మాగ్నెట్ సెన్సర్లు ఎలాగూ పెడతారు. హాల్లో మోషన్ సెన్సర్ బల్లులు తిరగని మూల చూసి పెట్టించు. అలారం మోగే హూటర్ చేతికందకూడదు. అలారం మోగగానే మనకి ఫోన్ చేసే డయలర్ 2జీది అయితే జియో సిమ్ పనిచేయదు, వేరేది వెయ్యి.

ఇక అసలు సంగతి. ప్యానెల్‌కి, అంటే ఈ సెన్సర్లన్నీ కలిసే పెట్టెకి, రెండు రకాల కోడ్‌లుంటాయి. నీ చేతికిచ్చే కోడ్‌తో అలారం వేస్తావు, తీస్తావు. రెండోది బిగించేవాళ్లు వాడే ఇన్‌స్టాలర్ కోడ్. ఏ సెన్సర్ ఏ జోనో, అంటే ఇంట్లో ఏ చోటుదో, తలుపు తీశాక ఎన్ని సెకన్లకి మోగాలో, హూటర్ ఎంతసేపు అరవాలో అన్నీ దానికిందే ఉంటాయి. చాలా ప్యానెళ్లలో ఫోన్ ఎవరికి వెళ్లాలన్నదీ అందులోనే. అడిగితే ‘అది కంపెనీ కోడ్ సార్’ అంటారు. అక్కడ మొహమాటపడకు.

కాశీబుగ్గలో మీ పెద్దమావయ్య మొహమాటపడ్డాడు. ‘మనకెందుకురా అవన్నీ, వాళ్లే చూసుకుంటారు’ అన్నాడు. వాళ్లు కొన్నాళ్లు బాగానే చూశారు, తర్వాత కొట్టు మూసేసి వెళ్లిపోయారు. అన్నయ్య ఈలోగా ఫోన్ నంబర్ మార్చాడు. పాత నంబర్ ఎవరికో వెళ్లింది. ఇక్కడ పిల్లి దూరి అలారం మోగితే అర్ధరాత్రి ఎక్కడో ఆ పెద్దమనిషి లేచి కూర్చునేవాడట! నంబర్ మార్చాలంటే ఇన్‌స్టాలర్ కోడ్ కావాలి.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను వచ్చింది. పలాస వైపు జీడితోటలు ఎలా నేలకొరిగాయో నీకు తెలుసు. రోజుల తరబడి కరెంటు లేదు, ప్యానెల్లో బ్యాటరీ చచ్చిపోయింది. గాలికి వెనక కిటికీ, దానితోపాటు సెన్సర్ ఊడిపోయాయి. కరెంటొచ్చాక చూస్తే ఆ జోన్ తెరిచే ఉందంటుంది, అలారం వేయనివ్వదు. ఆ ఒక్క జోన్ తీసేస్తే చాలు, కానీ కోడేదీ? కొత్త కుర్రాడొచ్చి మాన్యువల్లో ఉన్న డిఫాల్ట్ కోడ్ కొట్టాడు, పడలేదు. ఫ్యాక్టరీ రీసెట్ చేశాడు. పాతవాళ్లు లాకౌట్ పెట్టి వెళ్లారు, దాంతో రీసెట్ చేసినా కోడ్ మారలేదు. బంగారంలాంటి బోర్డు తీసి పారేయాల్సి వచ్చింది.

డబ్బు పోతే పోయింది. కొత్తది వచ్చేదాకా ఆ బీపీ మనిషి వీధి గుమ్మం దగ్గర మంచం వేసుకుని పడుకున్నాడురా. వెళ్లి నాలుగు చీవాట్లు పెట్టి, ఆ రాత్రి నేనూ అక్కడే పడుకున్నాను.

నా భయం ఇంకొకటి ఉంది. కొందరు ఊళ్లో పెట్టిన ఇళ్లన్నిటికీ ఒకే ఇన్‌స్టాలర్ కోడ్ వేస్తారు. పని మానేసిన కుర్రాడికి అది నోటికొచ్చే ఉంటుంది. దాంతో వెనక తలుపు సెన్సర్ ఆపేసి పోతే, నువ్వు అలారం వేసినప్పుడు అంతా మామూలుగానే కనిపిస్తుంది. సిరిమానోత్సవం మంగళవారం ఊరు ఊరంతా కోట దగ్గరే ఉంటుంది, తలుచుకుంటేనే నాకు టెన్షన్. అందుకని నీ ఇంటి కోడ్ నీ ఎదుటే మార్పించు. సర్వీసుకి వచ్చినవాడు వెళ్లాక కూడా మార్చు.

వాళ్ల బాధా అబద్ధం కాదు. కోడ్ ఇస్తే కొందరు అర్ధరాత్రి ఏదో కెలికి, పొద్దున్నే ఫ్రీ సర్వీసు అంటారు. ప్యానెల్ కంపెనీదై, నువ్వు నెలనెలా అద్దె కడుతుంటే వాళ్ల మాటకి కొంత బలముంది. నువ్వు డబ్బు పోసి కొన్నావు, బిల్లు నీ పేరున ఉంది, ఇక దాచడమేమిటి? దొంగల అలారాలకి యూరప్ వాళ్లు పెట్టుకున్న ఈఎన్ 50131 ప్రమాణంలో యజమాని అనుమతి లేకుండా ఇన్‌స్టాలర్ ప్యానెల్ సెట్టింగుల్లోకి వెళ్లకూడదు. బ్యాంకులో స్ట్రాంగ్‌రూమ్ తాళాలు ఇద్దరి దగ్గర ఉండేవి, అలాగన్నమాట. అలాంటి ప్యానెల్ దొరుకుతుందేమో అడుగు.

కొటేషన్ మీదే ‘ఇన్‌స్టాలర్ కోడ్ యజమానికి ఇవ్వాలి, లాకౌట్ పెట్టకూడదు’ అని రాయించు. ఏ జోన్‌కి ఏ సెన్సరో కాగితం మీద తీసుకో. కోడ్ చేతికొచ్చింది కదా అని నువ్వు ఆదివారం కూర్చుని ప్రయోగాలు చేశావంటే మాత్రం నేనే వచ్చి చెవి మెలేస్తాను. బ్యాటరీ మామూలుగా 12 వోల్టులది ఉంటుంది, మూడు నాలుగేళ్లకి మార్చేయ్.

ఆఖరి డబ్బులు కోడూ, ఆ కాగితమూ చేతికొచ్చాకే ఇవ్వు. ఒక కాపీ నాకు పంపు, ఇక్కడ బీరువాలో పెడతాను. అప్పకి మాత్రం ఇన్‌స్టాలర్ కోడ్ చెప్పకు, మర్చిపోతానని ఫ్రిజ్ మీద రాసి అంటిస్తుంది.

మావయ్య
శ్రీకాకుళం