ముప్ఫై మాటల జాబితా పక్కన పెట్టవే, చిట్టీ

చిట్టీ,

హ్యూస్టన్ దగ్గర హైస్కూల్లో నీకు ఇంగ్లీషు టీచరు ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మన ఇంట్లో నా తరవాత చాక్‌పీసు పట్టేది నువ్వేనని ఈ వీధిలో తెలుగువాళ్ళందరికీ చెప్పేశాను. ఆ తరవాత, అది టెక్సస్ కదా అని గుబులు మొదలైంది. దాని సంగతి చివర్లో రాస్తాను.

నీ లెసన్ ప్లాన్ చదివాను. అక్టోబరులో తొమ్మిదో తరగతికి ఎడ్గార్ అలన్ పో భయం కథలు, వాటితోపాటు వొకాబ్యులరీ. బావుంది. సోమవారం ముప్ఫై మాటలు చేతికిచ్చి, శుక్రవారం క్విజ్ పెట్టి, ఆ పైవారం కథ మొదలుపెడతానన్నావు చూడు, అది మాత్రం నాకు బొత్తిగా నచ్చలేదు.

ముందు చిన్న విషయాలు. ‘ది ఫాల్ ఆఫ్ ది హౌస్ ఆఫ్ అషర్’తో మొదలుపెట్టకు. అది పొడుగు కథ, మొదటి పేరా దాటేలోపే ఫోన్లు బల్లకిందకి వెళ్ళిపోతాయి. ‘ది టెల్-టేల్ హార్ట్’ తీసుకో. ఒక ముసలాయన్ని చంపి శవాన్ని నేలకింద దాచినవాడు, తనకి పిచ్చి లేదంటూ తనే చెప్పుకునే కథ; చివర్లో పోలీసుల ముందు ఆ ముసలాయన గుండెచప్పుడు వినబడుతోందనుకుని తనే నేరం బయటపెట్టేసుకుంటాడు. 1843లో అచ్చయిన ఆ కథ ఒక్క పీరియడ్‌లో పైకి చదవడానికి సరిపోతుంది. చిన్న కథ ఒక్క బిగిన చదివించాలనీ, మధ్యలో లేస్తే దాని పట్టు పోతుందనీ పో గట్టిగా వాదించాడు. కాబట్టి సగం ఇవాళ, సగం రేపు అనకు. ఆడియో పెట్టకుండా నువ్వే చదువు. నీ యాసకి నాలుగు రోజులు నవ్వుతారు, తరవాత వాళ్ళే మర్చిపోతారు. ఏయే కథలు చెప్పబోతున్నావో డిపార్ట్‌మెంట్ హెడ్‌కి ముందే మెయిల్ పెట్టు, నోటిమాటగా వదిలెయ్యకు. మధ్యాహ్నం తిండి మానకు.

ఇక ఆ ముప్ఫై మాటలు. న్యూజెర్సీలో నాకు టీచరు సర్టిఫికెట్ రాకముందు ఒక క్లాసులో సహాయకురాలిగా ఉండేదాన్ని. అక్కడి టీచరు మంచి మనిషి, పిల్లలంటే ప్రాణం. ఇదే కథకి నీలాగే ముందు జాబితా ఇచ్చేవాడు. ‘సగాసిటీ’ అంటే వివేకం, ‘ఫోర్‌సైట్’ అంటే ముందుచూపు, ‘అక్యూట్’ అంటే చురుకైనది. వెనక బెంచీలో ఎప్పుడూ తలమీద హుడ్ కప్పుకుని కూర్చునే పిల్లాడొకడు ఉండేవాడు. నోరు విప్పేవాడు కాదు. ఆ శుక్రవారం వాడికి క్విజ్‌లో అన్నీ కరెక్టే. కథ అయ్యాక టీచరు వ్యాసం రాయమన్నాడు: ఈ కథ చెబుతున్న మనిషిని నమ్మొచ్చా? మన వాడు నమ్మొచ్చని రాశాడు. అతనికి ముందుచూపుంది, సగాసిటీ ఉంది, చెవులు అక్యూట్, కాబట్టి తెలివైనవాడు అని. నేర్పిన మాటలన్నీ పొందిగ్గా వాడాడు. కాగితం అడుగున టీచరు ఎర్ర ఇంకుతో ‘అసలు కథ చదివావా?’ అని రాసిచ్చాడు.

వాడు చదివాడే! మనం చెప్పిన అర్థాలు పట్టుకుని బుద్ధిగా చదివాడు. మాటకి అర్థం చెప్పారు గానీ, ఆ మాట ఎవడి నోట్లోంచి వస్తోందో చూడమని ఎవరూ చెప్పలేదు. నేను వెళ్ళి వాడి పక్కన కూర్చుని, సగాసిటీ ఉన్న వాక్యం వెతకమన్నాను. వేలు పెట్టి వెతికాడు. “ఇతనికి సగాసిటీ ఉందని ఎవరంటున్నారు?” అన్నాను. “ఇతనే.” కాసేపు ఆ వాక్యం వంకే చూశాడు. తరవాత గబగబా పేజీ వెనక్కి తిప్పి, “వీడు మొదట్నించీ సొంత డబ్బా కొట్టుకుంటున్నాడు, మిస్!” అన్నాడు. హుడ్ వెనక్కి జారిపోయినా చూసుకోలేదు. కానీ అప్పటికే మార్కులు వేసేశారు. మళ్ళీ వాడు క్లాసులో చెయ్యెత్తడం నేను చూడలేదు.

అందుకే చెబుతున్నా. ముందు కథ చదివెయ్. అర్థం కాని మాటలుంటే ఉండనీ. రెండోసారి చదివేటప్పుడు, ఈ మనిషి తనని తాను పొగుడుకున్న మాటలన్నిటికింద గీత గీయమను. ‘డిసిమ్యులేషన్’ దగ్గర కాస్త ఆగు. పైకి ఒకటి, లోపల ఒకటిగా నటించడం. మొదట్లో ముసలాయన్ని తానెంత బాగా ఏమార్చాడో చెప్పుకోవడానికి గొప్పగా వాడతాడు. చివర్లో పోలీసులు కుర్చీల్లో కూర్చుని మామూలుగా కబుర్లు చెప్పుకుంటుంటే, ఇక నటించకండి అని వాళ్ళమీద అరుస్తాడు. అక్కడ ‘డిసెంబుల్’ అంటాడు, అదే మాటకి చుట్టం. ఆ రెండు చోట్లనీ పిల్లలే పట్టుకునేదాకా నువ్వు నోరు విప్పకు.

మాటలు ఎనిమిదికి మించొద్దు. మాటలు ఎలా నేర్పాలో ఇసబెల్ బెక్, మరో ఇద్దరు కలిసి 2002లో రాసిన పుస్తకం మీ లైబ్రరీలో ఉంటుంది, చూడు. రకరకాల చదువుల్లో మళ్ళీ మళ్ళీ ఎదురయ్యే మాటల మీద సమయం పెట్టమంటారు. అక్యూట్ జామెట్రీలో వస్తుంది, ఆస్పత్రిలోనూ వస్తుంది. దాన్ని నేర్పు. ‘ది కాస్క్ ఆఫ్ అమోంటిలాడో’లో ‘నైటర్’ వచ్చినప్పుడు నేలమాళిగ గోడలమీద తెల్లగా పొంగే ఉప్పని చెప్పేసి ముందుకి పో. నిఘంటువు చూసి సొంత వాక్యం రాయమనే హోంవర్క్ ఇవ్వనే ఇవ్వకు. పిల్లలు మాటలు ఎలా నేర్చుకుంటారో పరిశీలించిన జార్జ్ మిల్లర్, పట్రీషియా గిల్డియా 1987లో దాని గురించి రాశారు. ‘ఎరోడ్’ అంటే మెల్లగా కోసుకుపోవడం. నిఘంటువులో దానికి ‘ఈట్ అవుట్’ అని కనబడితే, బయట తినడం అనుకుని ఒక పిల్ల తమ కుటుంబం తెగ ఎరోడ్ అవుతుందని రాసిందట!

ఇదంతా నీకు కొత్త కాదే. వేసవిలో నేను తెనాలి వచ్చినప్పుడల్లా మేడమీద పక్కలు వేయించి, బేతాళుడి కథ చెప్పమని పీకేదానివి. ముందు మాటలన్నిటికీ అర్థాలు చెప్పి మొదలుపెట్టానా? “శ్మశానం అంటే ఏంటి పెద్దమ్మా?” అని కథ మధ్యలో నువ్వే ఆపి అడిగావు. చెప్పాను. ఆ రాత్రి మంచినీళ్ళకి కిందకి దిగడానికి నన్ను లేపావు. అర్థమయిందన్నమాట.

ఇప్పుడు నా గుబులు. ఇది మాత్రం ఖచ్చితంగా వినాలి. కథకి వాతావరణం రావాలని క్లాసులో లైట్లు ఆర్పకు. కిటికీలు కప్పకు. గుండెచప్పుడులా బల్ల బాదకు. ఇక్కడి పిల్లలు చిన్నప్పట్నించీ లాక్‌డౌన్ డ్రిల్లు, అంటే బడిలోకి ఎవరైనా తుపాకీతో వస్తే దాక్కోవడం, చేసి పెరుగుతారు. తలుపు గడియ వేసి, లైట్లు ఆర్పి, గోడకి ఆనుకుని ఊపిరి బిగబట్టి కూర్చోవడం వాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. చీకట్లో దబదబా చప్పుడైతే వాళ్ళ మనసు పో దగ్గరకి వెళ్ళదు. తెల్లటి ట్యూబులైట్ల కిందే చదువు, ఆ కథకి అది చాలు. మొదలుపెట్టే ముందు, స్కూల్లో పిల్లల బాగోగులు చూసే కౌన్సిలర్‌ని కలిసి, ఈమధ్య ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్న పిల్లలు ఉన్నారేమో కనుక్కో. ఉంటే వాళ్ళకి కథ సంగతి ముందే చెప్పి, కావాలంటే వేరే కథ ఇవ్వు, నలుగురి ముందూ కాకుండా.

పో కథలతోపాటు షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ రాసిన ‘ది యెల్లో వాల్‌పేపర్’ కూడా పెట్టావు. దాన్ని పై తరగతులకి వదిలెయ్.

జాబితా కొట్టేసి, ఎనిమిది మాటలు ఏరి ఆదివారంలోపు నాకు పంపు. శుక్రవారం క్విజ్ ఉంచుకో, గ్రేడ్‌బుక్‌లో ఏదో ఒకటి ఎక్కించాలి కదా. కాకపోతే అది కథ అయ్యాక వచ్చే శుక్రవారం.

మీ పెద్దమ్మ