బయట షాపులో ఆండ్రాయిడ్ స్టీరియో పెట్టిస్తే కారు బ్యాటరీ దిగిపోతుందా?

పాత కారుకి మ్యాప్ కనిపించే ఆండ్రాయిడ్ స్టీరియో నెల్లూరులో పెట్టించుకోవచ్చా, బ్యాటరీకి ఏమైనా అవుతుందా అని అడిగారు. నిరభ్యంతరంగా పెట్టించుకోండి. నాకు మాత్రం నాలుగో రోజుకే బ్యాటరీ దిగిపోయింది. తప్పు సెట్టుది కాదు, వైరింగ్‌ది.

మాది పాత వ్యాగనార్. తొమ్మిది అంగుళాల సెట్టు, రివర్స్ కెమెరా, బిగింపు కూలీ అన్నీ కలిపి 11,500 అయింది. మిగతా సెట్లు లేవడానికి అర నిమిషం పడితే, మాది బటన్ నొక్కీ నొక్కగానే వెలిగేది. మంచి సెట్టు దొరికిందని మురిసిపోయాను. తిరకాసు అంతా అక్కడే ఉందని అప్పుడు తెలియదు. మూడు రోజులు బండి తీయలేదు. నాలుగో రోజు పొద్దున తాళం తిప్పితే టక్ టక్ మనడమే తప్ప స్టార్ట్ కాలేదు.

మాకు తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ ఒక పెద్దాయన వచ్చి సెట్టు బయటికి లాగి చూశాడు. "ఇదేంది సార్, రెండూ కలిపి మెలేసినారు" అన్నాడు. సెట్టు వెనక కరెంటు వైర్లు రెండుంటాయి. పసుపు వైరుకి బ్యాటరీ నుంచి ఎప్పుడూ 12 వోల్టులు వస్తుండాలి, సెట్టింగులు చెరిగిపోకుండా ఉండటానికి. ఎరుపు వైరుకి తాళం తిప్పితేనే కరెంటు రావాలి. సెట్టు ఎప్పుడు లేవాలో, ఎప్పుడు పడుకోవాలో దాన్నిబట్టే ఉంటుంది. షాపు కుర్రాడు కారు ఒరిజినల్ వైర్లు కోసి, ఈ రెండింటినీ పసుపు లైనుకే కలిపి టేపు చుట్టేశాడు. నేను బటన్ నొక్కితే స్క్రీన్ ఆరేది గానీ లోపల సెట్టు నిద్రపోయేదే కాదు.

పెద్దాయన బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి, ఆ మధ్యలో మల్టీమీటర్ పెట్టాడు. తాళం తీసేసి ఉన్నా 0.4 ఆంపియర్ లాగుతోంది. అంటే రోజుకి దాదాపు 10 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీలో ఎంత కరెంటు నిలవుంటుందో చెప్పే కొలత). మాది 35 ఏహెచ్ బ్యాటరీ, ఎన్ని రోజులు ఆగుతుంది? ఎరుపు వైరుని ఏసీసీ లైనుకి, అంటే తాళం తిప్పితేనే కరెంటు వచ్చే లైనుకి మార్చాక 0.03కి దిగింది. 0.05 లోపు ఉంటే భయం లేదు. మీరే చూడాలనుకుంటే మీటరు ఎర్ర ప్రోబుని దాని పది ఆంపియర్ల సాకెట్‌లో పెట్టండి. అది తగిలించి ఉండగా పొరపాటున కూడా స్టార్ట్ చేయకండి, మీటరు ఫ్యూజో, మీటరో పోతుంది.

కాబట్టి బేరం ఆడేటప్పుడే మీ కారు మోడల్‌కి సరిపోయే కప్లర్ (కారు వైర్లకి నేరుగా తగిలించే ప్లగ్గు) ఉందా అని అడగండి. అది ఉంటే ఒక్క వైరూ కోయనక్కర్లేదు, రేపు పాత సెట్టు మళ్ళీ పెట్టుకోవచ్చు. "కప్లర్ ఎందుకు సార్, జాయింట్ వేసేస్తాం" అంటే లేచి వచ్చేయండి. కారు ఇంకా వారంటీలో ఉంటే ఇది మరీ ముఖ్యం.

ఇక నావిగేషన్. మొదట్లో జాతీయ రహదారి 16 మీద ఒంగోలు వెళ్తుంటే మ్యాప్‌లో బాణం సర్వీస్ రోడ్డులో పరుగెత్తేది! జీపీఎస్ యాంటెన్నాని సెట్టు వెనక ఇనుప ఫ్రేము కింద కుక్కేశారు. దానికి ఆకాశం కనిపించాలి. డాష్‌బోర్డు పైన, అద్దం మూలకి అంటించాక కుదురుకుంది. జీపీఎస్‌కి నెట్ అక్కర్లేదు, మ్యాప్‌కి కావాలి. రాపూరు మీదుగా పెంచలకోన వెళ్ళేటప్పుడు కొండ దగ్గర నెట్ సిగ్నల్ పోయింది. ముందు రోజు ఇంట్లో వైఫైలో ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకోబట్టి సరిపోయింది. నిజం చెప్పాలంటే ఇప్పుడు సెట్టులోని మ్యాప్ వాడటం మానేశాను. ఫోన్ తగిలించి, ఫోన్‌లోని మ్యాప్‌ని సెట్టు స్క్రీన్ మీద చూపించే ఆండ్రాయిడ్ ఆటో వాడుతున్నాను, అదే నయం.

సౌండ్ సంగతికొస్తే, డబ్బా మీద వేసే వాట్లు నమ్మకండి. ఆర్‌ఎంఎస్, అంటే నిలకడగా ఇచ్చే అసలు వాట్లు ఎంతో అడగండి.

బండి తీసుకునేటప్పుడు సెట్టు బటన్ ముట్టుకోకుండా తాళం తీసి, తలుపు వేసి, ఐదు నిమిషాలు ఆగి చూడండి. స్క్రీన్ ఇంకా వెలుగుతుంటే ఎరుపు వైరు చూపించమనండి. డబ్బులు ఆ తర్వాతే ఇవ్వండి.