ఆస్టెన్ నవల రెండో అధ్యాయంలో మా పెదనాన్న కనిపించారు

అక్కచెల్లెళ్ల కథలున్న పాత ఇంగ్లీషు నవలల్ని ఈ కాలానికి మార్చి రాస్తున్నారు, సినిమాలు తీస్తున్నారు, వాటిలో కొత్తగా ఏమైనా ఉంటుందా అని అడిగారు. కొన్నిట్లో ఉంటుంది. నేనైతే ఒక్కటే చూస్తాను, డబ్బు సంగతి ఏం చేశారా అని.

నేను ముందు సినిమా చూసి, చాలా ఏళ్లకు నవల చదివాను. 2000లో రాజీవ్ మీనన్ తమిళ సినిమా తెలుగులో ‘ప్రియురాలు పిలిచింది’గా వచ్చింది. రెహమాన్ పాటల కోసం వెళ్లాం. ఇంగ్లీషు రచయిత్రి జేన్ ఆస్టెన్ 1811లో వేసిన ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’కి అది కొత్త రూపమని అప్పుడు నాకు తెలీదు. తాతగారు పోయాక టబు, ఐశ్వర్యా రాయ్ తల్లినీ చెల్లినీ తీసుకుని చెట్టినాడు ఇల్లు వదిలి చెన్నై వెళ్తుంటే మా అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అంతకు రెండేళ్ల ముందే నాన్న పోయారు. మేం ముగ్గురం ఆడపిల్లలం. ఉమ్మడి ఇంట్లోంచి అద్దె ఇంటికి మారాం.

నవలలో రెండో అధ్యాయం చూడండి. చనిపోతూ తండ్రి, సవతి తల్లినీ ముగ్గురు చెల్లెళ్లనీ చూసుకోమని కొడుక్కి చెబుతాడు. తలో వెయ్యి పౌండ్లు ఇద్దామనుకుంటాడు కొడుకు. భార్య ఫానీ మెల్లగా మొదలుపెడుతుంది. వెయ్యి అయిదొందలవుతుంది. పోనీ తల్లికి ఏటా వంద ఇద్దామంటే, అలా ఏటా డబ్బులొచ్చేవాళ్లు ఓ పట్టాన చావరంటుంది ఫానీ. చివరికి మిగిలేది సామాను మార్చడానికి సాయం, అప్పుడప్పుడు చేపలు, వేటమాంసం పంపడం. అది చదువుతూ గట్టిగా నవ్వాను, ఆ తర్వాత పుస్తకం పక్కన పెట్టేశాను. మా పెదనాన్న కూడా పదోరోజున అందరి ముందూ తలో లక్ష బ్యాంకులో వేస్తానన్నారు. సంవత్సరీకానికి అది యాభై వేలయింది. పెద్దమ్మ లోపలికి పిలిచి మాట్లాడాక “పెళ్లిళ్లప్పుడు చూద్దాంలే” అయింది. వేసవిలో బంగినపల్లి కాయలు మాత్రం ఏటా బుట్టెడు పంపేవారు, అబద్ధం ఎందుకు.

చట్టం మా వైపే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన వాటా 1986 సవరణతోనే వచ్చింది. దేశమంతటికీ 2005లో వచ్చింది. అయినా అమ్మ సంతకం పెట్టేసింది, నలుగురిలో గొడవెందుకని. సినిమాలోనూ నవలలోనూ ఆస్తి చేజారేది వీలునామా వల్ల, మా ఇంట్లో సంతకం వల్ల. కాగితం ఏదైనా చివరికి ఇల్లు వదిలేది ఆడవాళ్లే. దాదాపు రెండొందల ఏళ్ల తర్వాత, ఇంకో దేశంలో కూడా ఆ కథ అతికినట్టు సరిపోవడానికి కారణం అదేనని నా అభిప్రాయం.

ఇంగ్లీషు రచయిత్రి జోనా ట్రొలోప్ 2013లో ఇదే నవలను నేటి ఇంగ్లండుకు తెచ్చింది. అమ్మానాన్నలు అసలు పెళ్లే చేసుకోలేదు కాబట్టి తల్లికి ఏ హక్కూ లేదని పెట్టింది. ఆ ఎత్తు బాగుంది. మిగతాది నాకు పాత చీరకి కొత్త అంచు కుట్టినట్టే అనిపించింది.

అమెరికన్ రచయిత్రి కర్టిస్ సిట్టెన్‌ఫెల్డ్ 2016లో రాసిన ‘ఎలిజిబుల్’ అలా కాదు. ఆస్టెన్‌దే ఇంకో నవల ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లోని అయిదుగురు అక్కచెల్లెళ్లని ఒహాయోలోని సిన్సినాటికి తెచ్చింది. లిజ్‌కి 38, జేన్‌కి నలభై దగ్గర పడుతున్నాయి. తండ్రికి గుండె ఆపరేషన్ అయింది, ఇన్సూరెన్స్ లేదు, ఇల్లు నిలుస్తుందో లేదో తెలీదు. పాత నవలలో ఆస్తి మగ వారసుడికే పోతుందనే టెన్షన్ ఉన్నచోట ఇక్కడ ఆసుపత్రి బిల్లు ఉంది. అమెరికాలో ఉన్న మా అక్క ఇది చదివి, “పెళ్లి చూపుల కన్నా ఆ బిల్లుల గొడవే బాగా రాసిందే” అంది.

నలుగురు అక్కచెల్లెళ్ల పాత అమెరికన్ నవల ‘లిటిల్ విమెన్’ సంగతంటారా, ఈ కాలానికి మార్చిన 2018 సినిమా కన్నా, కథను పాత కాలంలోనే ఉంచి గ్రెటా గెర్విగ్ 2019లో తీసిందే నాకు కొత్తగా ఉంది. చివర్లో వాళ్లలో కథలు రాసే జో పబ్లిషరు ఎదురుగా కూర్చుని 6.6 శాతం రాయల్టీకి బేరమాడుతుంది, కాపీరైట్ మాత్రం వదలదు. ఆ సీను మూడుసార్లు చూశాను.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, ముందు ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’లో ఆ రెండో అధ్యాయం ఒక్కటి చదవండి. పొట్టిదే. మా చెల్లికి ఫోన్లో తెలుగు చేసి వినిపిస్తే, “వాళ్లకి చేపలు కూడానా!” అంది.