రిగొలెట్టో ఎక్కడికీ పోడు

చిన్నా,

నీ మెయిల్ రాత్రి రెండుసార్లు చదివాను. ఇరవై ఏడేళ్లకే వెర్డి ఒపేరా 'రిగొలెట్టో'లో ముఖ్యపాత్ర, దర్బారు విదూషకుడు రిగొలెట్టోని పాడమన్నారని వినగానే మీ పిన్ని పొంగిపోయి గుంటూరులో మీ నాన్నకి ఫోన్ కూడా చేసేసింది. నేను మాత్రం వద్దంటాను. కోపం తెచ్చుకోకుండా చదువు.

"పై జి నాకు సులువే బాబాయ్" అని రాశావు. సులువే, విన్నాను. చిక్కు ఆ స్వరంతో కాదు. రెండో అంకం గుర్తు తెచ్చుకో. కూతుర్ని ఎత్తుకుపోయిన దర్బారు వాళ్ల మీద "కోర్తిజాని" (దర్బారు వాళ్లారా) అంటూ రిగొలెట్టో విరుచుకుపడతాడు. కింద తీగవాద్యాలు పరుగులు తీస్తుంటాయి. గొంతులో ఉన్నదంతా అక్కడే ఖర్చుపెట్టెయ్యాలనిపిస్తుంది. కాసేపటికే అదే మనిషి వాళ్ల కాళ్లావేళ్లా పడతాడు. ఆర్కెస్ట్రా తగ్గిపోతుంది, ఒక చెలో అలలా కదులుతుంటుంది, దాని మీద నీ గొంతు మెత్తగా, పొడుగ్గా సాగాలి. అరిచి అలిసిన గొంతయితే అక్కడే గరగరమంటుంది. తర్వాత కూతురితో యుగళం, పగ తీర్చుకుంటానన్న పాట, చివర చాలామంది పట్టే పై ఎ-ఫ్లాట్ స్వరం. అదయ్యాక ఇంకో అంకం ఉంది!

మన కచేరీలో గాయకుడు తన శ్రుతి తాను పెట్టుకుంటాడు, ముందు మైకు ఉంటుంది. ఇక్కడ వెర్డి 1851లో రాసిన ఎత్తులోనే, మైకు లేకుండా, అంత ఆర్కెస్ట్రాను దాటి వినిపించాలి. గట్టిగా పాడి వాళ్లమీద గెలవలేవు. ఆర్కెస్ట్రా బలం ఎక్కువగా 500 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది. సాధన చేసిన మగ గొంతులో 3,000 హెర్ట్జ్ దగ్గర ఒక మెరుపు పుడుతుంది, చివరి వరసకి చేరేది దానివల్లే. ఆత్రంతో గొంతు తోశావా, ముందు పోయేది ఆ మెరుపే.

నా సంగతి నీకు సగమే తెలుసు. అప్పుడు నాకు ముప్పై ఒకటి. పొద్దున ఒక థియేటర్ నుంచి ఫోన్: వాళ్ల బారిటోన్‌కి (మనలాంటి మధ్యస్థాయి మగ గొంతు గాయకుడికి) ఒంట్లో బాలేదు, సాయంత్రానికి వచ్చి పాడాలి. నాకూ జలుబు, పైగా పాత్ర నాకు బరువు. కాదంటే మళ్లీ పిలవరేమోనని టెన్షన్. మూడో అంకంలో గొంతు టక్కున ఆగిపోయింది. నొప్పి కూడా లేదు. స్వరతంత్రిలో రక్తస్రావం అన్నాడు డాక్టర్, మూడు వారాలు మాట బంద్. "కూరలో ఉప్పు లేదు" అని పలక మీద రాసి చూపిస్తే, మీ పిన్ని పలక లాక్కుని కింద "తెలుసు" అని రాసిచ్చింది, తను మాట్లాడొచ్చని మర్చిపోయి. ఆ తర్వాత పాతికేళ్లు కోరస్‌లో బాస్ వరసలోనే నిలబడ్డాను. ఏడుస్తున్నానని కాదు, పెన్షన్ బాగానే వస్తోంది.

ఇంకో థియేటర్ ఇస్తానన్న రెండేళ్ల ఫెస్ట్ ఒప్పందం (జర్మన్ థియేటర్‌లో జీతం మీద ఉండే గాయకుడి ఉద్యోగం) గురించి చులకనగా ఒక్క ముక్క రాశావు. నాకు బంగారంలా కనిపించింది అదే. పుచ్చీని 'లా బొహెమ్'లో షోనార్, మోట్సార్ట్ 'మాయా వేణువు'లో పాపగేనో, రోస్సీని 'సిండ్రెల్లా'లో డాండీనీ. షోనార్‌కి చెప్పుకోదగ్గ ఆరియా (ఒక్కడే పాడే పెద్ద పాట) లేదంటావా? మొదటి అంకంలో డబ్బెలా సంపాదించాడో, చిలక ఎలా చచ్చిందో అతను చెబుతుంటే మిగతావాళ్లు తిండి మీద పడి వినిపించుకోరు. ఆ ఇటాలియన్ మాటలు గబగబా, ఒక్క అక్షరం మింగకుండా, నవ్వు చెడకుండా పాడటం నేర్చుకో. పాపగేనో అయితే జర్మన్‌లో మాట్లాడాలి కూడా, నీ యాస అక్కడే వదులుతుంది.

1989లో కార్డిఫ్ గాయకుల పోటీలో వేల్స్ బాస్-బారిటోన్ బ్రిన్ టెర్ఫెల్, రష్యన్ బారిటోన్ హ్వొరొస్తోవ్‌స్కీ చేతిలో ఓడాడు. మర్నాటి నుంచి వాగ్నర్ బరువైన పాత్రలు మొదలుపెట్టలేదు. 1990లో వెల్ష్ నేషనల్ ఒపేరాలో మోట్సార్ట్ తేలికపాత్ర గుల్యెల్మోతో రంగం ఎక్కాడు. లండన్ కోవెంట్ గార్డెన్‌లో వాగ్నర్ వోటాన్ పాత్ర పాడింది 2004-05లో. ఇటాలియన్ బారిటోన్ లియో నూచ్చి అయితే రిగొలెట్టో ఐదు వందలసార్లకు పైగా పాడాడు, డెబ్బై దాటాక కూడా.

ఫెస్ట్ ఒప్పందం మీద సంతకం ముందు రెండు చూసుకో. బయట పాడటానికి ఎన్ని రోజులు సెలవిస్తారు? ఒప్పందం పొడిగించడం లేదని ఏ తేదీలోపు చెప్పాలి? మామూలుగా అది అక్టోబర్ 31. ఆ నెలంతా థియేటర్‌లో అందరి మొహాలూ పరీక్ష ఫలితాల ముందు పిల్లల్లా ఉంటాయి, నువ్వు కంగారుపడకు.

రిగొలెట్టో వాళ్లకి మాత్రం గొంతు బాగాలేదని అబద్ధం రాయకు, అది ఊరంతా పాకుతుంది. "ఈ పాత్ర ఇప్పుడే కాదు, మీ సీజన్‌లో లా బొహెమ్ మార్సెల్లో పాత్ర ఉంటే సంతోషంగా వస్తాను" అని రాస్తే చాలు. మీ నాన్నకి నేను చెప్తాను.

ఆదివారం పొద్దున ఫోన్ చెయ్యి. షోనార్ స్కోర్ దగ్గర పెట్టుకో, చిలక దగ్గర్నుంచి పాడి వినిపించు.

మీ బాబాయి