‘బడి కి’ కాదు, ‘బడికి’

ప్రశ్న: మా మూడవ తరగతి పిల్లలకు ‘డుమువులు ప్రథమా విభక్తి’ మొదలుకొని విభక్తులన్నీ కంఠతా వచ్చు. అయినా రాయమంటే ‘బడి కి’, ‘అమ్మ తో’ అని విడదీసి రాస్తున్నారు. ‘పుస్తకాలలోనుంచి’ వంటి మాట ఎదురైతే చదవలేక ఆగిపోతున్నారు. ఈ వయసులో ప్రత్యయాలను ఎలా నేర్పాలి?
– ఒక ఉపాధ్యాయురాలు, కర్నూలు జిల్లా

జవాబు: ఆ పట్టికను కొన్నాళ్లు పక్కన పెట్టండి. అందులోని ‘తోడన్’, ‘కొఱకున్’ పద్యాల భాషకు చెందినవి. పిల్లల నోట అవి పలకవు. పైగా ‘కి, లో, తో’ వంటివాటిని పదానికి అంటించి రాస్తాం, ‘గురించి, కోసం’ వంటివాటిని ఎక్కువగా విడిగానే రాస్తాం. అన్నింటినీ ఒకే వరుసలో అప్పజెప్పిన పిల్లవాడు ‘అమ్మ కోసం’ చూసి ‘అమ్మ తో’ అని రాస్తే తప్పు పూర్తిగా వాడిది కాదు.

నిజానికి ప్రత్యయాల వాడుక బడికి రాకముందే పిల్లలకు వచ్చి ఉంటుంది. నల్లబల్ల మీద ‘ఇల్లు, రోలు, కన్ను, చేయి’ అని రాసి, ఒక్కొక్కదానికీ ‘కి’ చేర్చి పలకమనండి. ఇంటికి, రోటికి, కంటికి, చేతికి అని చాలావరకు వాళ్లే చెబుతారు. (రోలు ఎరుగని పిల్లలకు రోటి పచ్చడిని గుర్తు చేస్తే చాలు.) మాట ఎక్కడ మారిందో వాళ్ల చేతనే గీత గీయించండి. దానిని ఔపవిభక్తికం అంటారన్న సంగతి పై తరగతుల్లో తెలిసినా నష్టం లేదు.

పొడవైన మాటను పుస్తకం, పుస్తకాలు, పుస్తకాలలో, పుస్తకాలలోనుంచి అని మెట్లుమెట్లుగా, ఒకదాని కింద ఒకటి రాసి చదివించండి. సున్న పోయి దీర్ఘం వచ్చిన చోట కాసేపు ఆగి, గుర్రం, సముద్రం కూడా అలాగే మారతాయని వాళ్లనే కనిపెట్టనివ్వాలి.

విడదీయడం రుచి మరిగాక పిల్లలు అన్నింటినీ విడదీస్తారు. ‘నాకు’లో ‘కు’ ప్రత్యయం, ‘ఆకు’లో కాదు. ‘వేలు’ చేతిదైతే ఏకవచనం, రూపాయలదైతే ‘వేయి’కి బహువచనం. తీసివేయగా మిగిలినదానికి అసలు మాట అర్థంతో సంబంధం ఉందా అని ప్రతిసారీ అడగండి.

ఇక దిద్దేటప్పుడు ‘బడి కి’ని ఎర్రసిరాతో కొట్టివేయకుండా, ప్రూఫులు దిద్దేవారిలా రెండు ముక్కలనూ కలుపుతూ చిన్న వంపు గీత గీయండి, పిల్లవాడు దానిని ఒక్క ఊపిరిలో పలికి, కింద కలిపి రాస్తే సరిపోతుంది.